నీటి కంపెనీలు, నిద్రించిన కావలి

1989లో థాచర్ ప్రభుత్వము ఇంగ్లండు, వేల్సులలోని పది నీటి సంస్థలను వాటాదారులకు విక్రయించెను. విక్రయమునకు ముందు వాని నెత్తినున్న సుమారు 500 కోట్ల పౌనుల ఋణమును ఖజానాయే మాఫీ చేసెను. ఋణము ప్రజలకు, ఆస్తి కొన్నవారికి!

ఒక వీథిలో రెండు కంపెనీల గొట్టములుండవు. నచ్చనివాడు వేరొక అంగడికి పోజాలడు. కావుననే ఆఫ్‌వాట్ అను నియంత్రణ సంస్థను నెలకొల్పిరి. అది బిల్లుల పరిమితిని నిర్ణయించెనేగాని, కంపెనీ తెచ్చిన అప్పు గొట్టములకు పోయెనో, లాభాంశములకు పోయెనో చిరకాలము గట్టిగా అడుగలేదు. పనితీరునుబట్టి లాభాంశము పంచవలెనను షరతు లైసెన్సులలో చేరుసరికి 2023 వచ్చెను. అప్పటికి దొంగలు పడిన ఆరునెలలు కాదు, ముప్పదియేండ్లు దాటెను.

ఋణము లేక పుట్టిన థేమ్స్ కంపెనీ 2025 నాటికి 1,500 కోట్ల పౌనులకు మించిన అప్పులో మునిగినది. నదులలోనికి మురుగు వదలినందుకును, తగని లాభాంశములు పంచినందుకును ఆ యేడు మే నెలలో దానికి 12.27 కోట్ల పౌనుల జుల్మానా పడెను. జూలైలో కన్‌లిఫ్ సంఘము ఆఫ్‌వాట్‌నే రద్దుచేయుమనెను, ప్రభుత్వము సరేయనెను.

తప్పు కావలివానిదొక్కనిదే యని మేము నమ్మజాలము. బిల్లు పెరుగక వోట్లు రావలెనని మంత్రులును, లాభము తగ్గరాదని వాటాదారులును కోరిరి. గొట్టముల సంగతి ఇరువురికిని పట్టలేదు. ఆ మంత్రులను రద్దుచేయు సంఘమేది? 2025 ఏప్రిలులో అచటి నీటి బిల్లు సగటున నూటికి 26 వంతులు పెరిగెను. దానిని చెల్లించువారికి నాటి అమ్మకపు పత్రములలో సంతకము లేదు.