కల్పిత దేవతలు, నిరుత్తరులైన భక్తులు

శాస్త్రకల్పనాత్మకములగు టెలివిజన్ ధారావాహికలలో అన్యగ్రహవాసులకు ముఖమెంత అవసరమో మతమును అంతే అవసరమని రచయితలు చాలకాలము క్రిందటనే గ్రహించిరి. ముక్కుపై ముడుతలను, నుదుటిపై గట్లను వేషధారణశాఖవారు చూచుకొందురు. ఒక దేవత, ఒక పవిత్రగ్రంథము, రెండు మూడు ఆచారములు, ధూపము వేయుట కొక పాత్ర, ఇవి రచయితలు సమకూర్పవలసినవి. మొదటి పని నానాటికి మెఱుగుపడినది. రెండవ పనిని మాత్రము ఒక లోపము మొదటినుండియు వెన్నంటుచున్నది: గ్రహమునకంతకును ఒకటే మతము. కోట్లకొలది ప్రాణులు ఒకే దేవుని ఒకే కంఠముతో కొలుతురు; వారిలో సంశయాత్ముడు లేడు, సోమరి లేడు, పండుగనాడు మాత్రమే గుడిమెట్లెక్కువాడు లేడు. పీర్లపండుగనాడు హిందువులును నిప్పులగుండము త్రొక్కు పల్లెలను ఎఱిగినవారికి ఈ ఏకరూపత ఎంత నిర్జీవమో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ లోపమును ఎఱిగి దిద్దబూనినవారు లేకపోలేదు. 'బాబిలోన్ ఫైవ్' సృష్టికర్త జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ తాను నాస్తికుడయ్యు మతమును పరిహసింపక దాని లోతు తెలిసికొనగోరినవాడు. 1994లో ప్రసారమైన ఒక భాగమున అంతరిక్షస్థావరమునందలి జాతులన్నియు తమ తమ ప్రధానవిశ్వాసములను ప్రదర్శింపవలసి రాగా, భూలోకము వంతు వచ్చినప్పుడు స్థావరాధిపతి ఏ పూజయు చేయింపక, ఒక నాస్తికుని మొదలుకొని కాథలిక్కు, బౌద్ధుడు, ముసల్మాను, యూదుడు, ఇంక నెందఱెందఱో బారులు తీరి నిలిచియుండగా, ఒక్కొక్కరినే పేరుపేరున పరిచయము చేయుచు పోవును. ఆ వరుసకు తుద కనబడదు. దృశ్యము రమణీయమే గాని నాకొక అసంతృప్తి మిగిలినది: మనుష్యులకు ప్రసాదించిన ఆ వైవిధ్యమును ఆ రచయిత నాడు ఇతరజాతులకు ప్రసాదింపలేదు. మిన్‌బారీలను జాతివారు ఒక్క కర్మకాండతోడనే తమ లోకమునంతను చూపి ఊరకుండిరి.

అదే సంవత్సరమున, అదే ధారావాహికలో, డేవిడ్ జెరోల్డ్ రచించిన మఱొక భాగము ఇంతకన్న నిర్దయమైనది, ఇంతకన్న సత్యమైనది. శరీరమును కోసినచో ఆత్మ వెడలిపోవునని నమ్ము తలిదండ్రులు తమ బిడ్డకు శస్త్రచికిత్స వలదందురు, వైద్యుడు వారి మాట మీఱి చికిత్స చేయును, బిడ్డ బ్రదుకును, బ్రదికిన ఆ బిడ్డను, వట్టి దేహమని తలచి, తలిదండ్రులే చంపుదురు. వారి నమ్మకము నిజమని గాని అబద్ధమని గాని కథ ఎక్కడను తేల్చదు. ఇట్టి సంయమము టెలివిజన్‌లో అరుదు.

'స్టార్ ట్రెక్' ఇల్లు వేఱు. 1966లో దానిని ఆరంభించిన జీన్ రాడెన్‌బెరీ దృష్టిలో మతము మానవజాతి పెరిగి విడిచిపెట్టిన చిన్ననాటి అంగీ. కావుననే ఆయన లోకమున దేవుడనువాడు ఎదురైనచో వాడు మోసగాడైనను కావలెను, యంత్రమైనను కావలెను. 1967లో గ్రీకుల అపోలో సైతము ఒకానొక బలిష్ఠుడైన అన్యగ్రహవాసిగా తేలి, ఆలయము కూలిపోగా కన్నీరు పెట్టుకొనును. ఆశ్చర్యమేమన, మతమునకు చోటీయని ఆ తొలి ధారావాహికయందే మతసంబంధమగు ఒక ముద్ర శాశ్వతముగా నిలిచినది. వల్కన్‌ల నమస్కారమునకు, నాలుగు వ్రేళ్లను రెండు రెండుగా చీల్చి పట్టు ఆ ముద్రకు, మూలము యూదుల ప్రార్థనామందిరమున పురోహితులు ఆశీర్వదించునప్పుడు పట్టెడి హస్తముద్ర. బాల్యమున బోస్టన్‌లో దానిని చూచిన లెనర్డ్ నిమోయ్ పెద్దవాడై స్పాక్ అను వల్కన్ పాత్ర ధరించినప్పుడు తెరమీదికి తెచ్చెను. కల్పించినదానికన్న చూచినదే ఎక్కువకాలము బ్రదికినది.

రాడెన్‌బెరీ 1991లో గతించెను. 1993 జనవరిలో ఆరంభమై 1999 జూన్ వఱకు నడచిన 'డీప్ స్పేస్ నైన్' ఆయన తలపెట్టని పనికి పూనుకొన్నది. సుమారు ఏబది సంవత్సరములు కార్డాషియన్లను అన్యజాతివారి దాస్యమున మ్రగ్గి అప్పుడప్పుడే విముక్తమైన బజోర్ అను లోకము; ఆ లోకపు సమీపమున ఒక అంతరిక్షస్థావరము, ఆకాశములో ఒక బిలము; ఆ బిలమున కాలపు పూర్వాపరములెఱుగని ప్రాణులు. ఆ ప్రాణులను బజోర్ జనులు ప్రవక్తలని కొలుతురు, ఫెడరేషన్ అను గ్రహకూటమి శాస్త్రజ్ఞులు బిలవాసులని వ్రాసికొందురు. వస్తువొక్కటే, చూపులు రెండు. ఉభయులలో ఎవరును అబద్ధమాడుట లేదు. ఇట్టి ఏర్పాటు నాకు తెలిసినంతలో టెలివిజన్ కల్పనయందు అంతకుముందు లేదు.

దీని ఫలము మొదటి సంవత్సరపు చివరిభాగముననే కనబడును. స్థావరమందలి బడిలో ఉపాధ్యాయురాలు బిలమును గూర్చి భౌతికశాస్త్రము చెప్పగా, విన్ అను అర్చకురాలు అది దైవదూషణయని లేచును. తల్లిదండ్రులు పిల్లలను మాన్పింతురు. బడిలో బాంబు పేలును. మతమునకు శాస్త్రమునకు తగవు అని మనమనుకొనుచుండగనే తెర తొలగి, ఈ కోలాహలమంతయు కై అను ప్రధానార్చకపదవికి పోటీదారుడైన బరైల్‌ను స్థావరమునకు రప్పించి చంపించుటకు విన్ పన్నిన పన్నాగమని తెలియవచ్చును. అర్చకులు అర్చకులతో కలహించిన ఆ క్షణముననే బజోర్ మతమునకు ప్రాణము వచ్చెను. దేవతలవలన రాలేదు.

1996లో వచ్చిన మఱొక భాగము భారతీయ పాఠకులు ప్రత్యేకముగ చూడదగినది. రెండువందల యేండ్లకు పైగా బిలమున చిక్కువడిన ఒక కవి వెలికివచ్చి, ప్రవక్తల దూతను నేనేయని చాటి, దాస్యకాలమున అందఱును కలసి పోరాడుటకై విడిచిన వర్ణవ్యవస్థను మరల నెలకొల్పవలెనని ఆజ్ఞాపించును. కళాకారుల వర్ణమున పుట్టిన కీరా నెరీస్, తుపాకి తప్ప మఱొకటి పట్టి ఎఱుగని యోధురాలు, భక్తివలన స్థావరమందలి ఉద్యోగము విడువ సిద్ధపడి మట్టితో పక్షిబొమ్మ చేయ ప్రయత్నించి భంగపడును. ఆమె అవస్థ హాస్యము. అనంతరము జరుగునది హాస్యము గాదు. ఒక అర్చకుడు సహార్చకుని, అతడు పుట్టిన వర్ణము అపవిత్రమైనదన్న ఒక్క కారణమున, పైనుండి త్రోసి చంపును. ఇంతవఱకు రచయితల చేయి వణకలేదు. తుదకు మాత్రము ప్రవక్తలే కలుగజేసికొని కవిని వాని కాలమునకు పంపివేయగా సమస్య తీఱినట్లు చూపిరి. మన దేశమున ఆ ప్రశ్నను తీర్చుటకు ఏ దేవుడును బిలమునుండి దిగిరాలేదు. ఫూలే, అంబేద్కరులు రావలసివచ్చెను, అయినను అది తీఱలేదు.

ఆ ధారావాహిక బలహీనత యంతయు ఈ సౌకర్యముననే ఉన్నది. దేవతలున్నారనుటకు ఋజువు తలుపు చెంతనే ఉన్నప్పుడు విశ్వాసమునకు పరీక్ష యెక్కడ? ఫెడరేషన్ సేనాని సిస్కో దేవతలతో ప్రత్యక్షముగ మాటాడును. సందేహము వచ్చినచో ఓడనెక్కి పోయి అడుగును. తుదిసంవత్సరములలో అగ్నిగుహల దుష్టశక్తులను తెచ్చి, ఎఱ్ఱకన్నులవారితో ప్రవక్తలకు యుద్ధము పెట్టుటతో, ఏండ్లకొలది శ్రమించి అల్లిన సూక్ష్మత కొంత చెదరిపోయినది.

ఇంతమందిలోను మనవలె నమ్మవలసివచ్చిన పాత్ర ఒక్కటే కలదు. అది అనంతరము కై పదవి నందిన విన్. ప్రతినాయికగానే అందఱును గుర్తుంచుకొనిన ఈమె కార్డాషియన్ చెఱలో ఐదేండ్లు దెబ్బలు తిన్నది; తిరుగుబాటుదార్లకు ఆయుధములుండగా తనకు విశ్వాసము, ధైర్యము మాత్రమే ఉండెనని కీరాతో ఒకచోట పలుకును. ఇంత సేవించినను ప్రవక్తలు ఆమెతో ఒక్కమాటయు పలుకరు. పరదేశియైన సిస్కోకు అడుగనిదే దర్శనములు. జీవితమంతయు ధూపము వేసిన అర్చకురాలికి మౌనము. లూయీజ్ ఫ్లెచర్ ఆ మౌనపు చేదును పెదవిపై చిఱునవ్వుగా మార్చి ప్రతి దృశ్యములోను నిలిపినది. ఉత్తరమెఱుగని ప్రార్థన ఎట్టిదో చెప్పుటకు ఇంతటి పాత్ర చేతనుండగా, రచయితలు ఆమెను అసూయాగ్రస్తురాలినిగా చేసి అగ్నిగుహకు నడిపించి దహించిరి. నటి వారికన్న ఎక్కువ తెలిసికొన్నదని నా యభిప్రాయము.