రాగిలో దాగి... సీసంతో సాగి!

అన్నమయ్య పాట వినిపించని తెలుగిల్లు ఉండదేమో! ఆ పాటలు తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో, రాగిరేకుల మీద వందల ఏళ్లు నిద్రపోయాయనీ చాలామందికి తెలుసు. మరి ఆ చీకటి గదిలోంచి మనింటికెలా వచ్చాయి? రేడియో, క్యాసెట్టు అంటారెవరైనా. వాటికంటే ముందు మోసుకొచ్చినవి సీసపు అక్షరాలు.

నిజానికి ఆ అవకాశం ఇంకో వందేళ్ల ముందే వచ్చి, చేజారిపోయింది. ఎ.డి.క్యాంబెల్ అనే ఇంగ్లిషు అధికారి తెలుగు వ్యాకరణం రాస్తున్న రోజులవి. తిరుపతి కొండమీద వేల రాగిరేకులున్నాయని విని, చూసి రమ్మని ఓ మనిషిని పంపాడాయన. వాటిలో కనిపించిన ఒక్క లక్షణగ్రంథానికి మాత్రం నకలు తీయించుకున్నాడు. మిగతావన్నీ దేవుడి మీద పాటలేనట... వదిలేశాడు! ఆయన వ్యాకరణం 1816లో మద్రాసులో అచ్చయింది. పాటలు మళ్లీ చీకట్లోకే.

1920ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఆ రేకుల్ని వెలుగులోకి తెచ్చారు. 1930ల నుంచి దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేయించసాగింది. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు ఆ పనికి జీవితాలే ధారపోశారు. వాళ్ల పేర్లు పుస్తకాల మీదున్నాయి. కంపోజిటర్ల పేర్లు లేవు.

ఆ పని తేలికైందేం కాదు. సీసంలో కాస్త తగరం, ఆంటిమొని కలిపి పోతపోసిన దిమ్మ మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ఇంగ్లిషుకైతే ఇరవయ్యారు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ. తెలుగుకో? గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల దిమ్మలు. అన్నీ అరల పెట్టెల్లో సర్ది ఉంటాయి. కంపోజిటరు ఎడమచేత్తో స్టిక్కు పట్టుకుని, కాగితం మీద చూపు తిప్పకుండానే కుడిచేత్తో ఒక్కో అక్షరం ఏరి పేర్చాలి. పైగా అన్నమయ్య పాడింది ఐదువందల ఏళ్లనాటి తెలుగు. ఒక్క వత్తు తారుమారైతే అర్థమే మారిపోతుంది. దాదాపు ప్రతి పాట చివరా వేంకటేశుడి పేరొస్తుంది కాబట్టి ఆ నాలుగక్షరాల దిమ్మలే అందరికంటే ముందు అరిగిపోయి ఉంటాయి! ఫారం అచ్చయ్యాక దిమ్మలన్నీ విప్పి మళ్లీ అరల్లో వేసేవారు. మర్నాడు అవే ఇంకో పాటయ్యేవి.

డీటీపీ, ఆఫ్‌సెట్‌ వచ్చాక ఊరూరా ఈ టైపు తూకానికి పోయింది. కరిగించి ఇంకోటి చేసుకోవడానికి సీసం సులువైన లోహం మరి. నాలుగు వందల ఏళ్లు రాగిరేకుల్ని కాపాడుకున్నవాళ్లం, వాటిని ఇంటింటికీ చేర్చిన అక్షరాల్ని నాలుగు దశాబ్దాలైనా ఉంచుకోలేకపోయాం.

బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌ వాళ్లు అలా చేయలేదు. పదహారో శతాబ్దంలో ప్లాంటిన్‌ పెట్టిన అచ్చుశాలని మ్యూజియంగా మార్చి, 1600 ప్రాంతపు ప్రెస్సుల్ని సైతం భద్రంగా దాచుకున్నారు. సందర్శకుల ముందు పాత పద్ధతిలో అచ్చుతీసి చూపిస్తారు కూడా. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఏ పాత ప్రెస్సు వెనకగదిలోనైనా ఓ ట్రెడిల్‌ మిషనూ నాలుగు పెట్టెల టైపూ మిగిలుంటే, తూకం వేసేముందు ఒక్క సంకీర్తన కూర్పించి అచ్చుతీసి చూడాలి. టైపు సంగతి అటుంచితే, చూడకుండా అక్షరం ఏరే ఆ వేళ్లు కూడా ముసలివైపోతున్నాయి.