కొత్త ఇంటి వాకిలి - వాన నీటి దారి



గృహ ప్రతిష్ఠ కూడికలకు వెళ్ళినప్పుడు ఈ మధ్య కొన్ని ఇళ్ళ ముందు ఒక కొత్త వస్తువు చూస్తున్నాము. అది ప్లాస్టిక్ గడ్డి. పట్నంలో ఉద్యోగం చేసుకొనే కొడుకో కూతురో చాపలాగా చుట్ట చుట్టి పంపిస్తారు. అమ్మానాన్నల వాకిలి బురద లేకుండా పచ్చగా ఉండాలని వారి కోరిక. మంచి కోరికే. ఆ గడ్డి కింద జరగవలసిన పని గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

డెల్టాలోని ఒక పల్లెలో మన సహోదరుడొకరు ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకొన్నారు. రోడ్డు ఎత్తు పెరిగింది గనుక మూడడుగులు మెరక తోలించారు. ముందూ పక్కనా గడ్డి పరిచారు. ప్రతిష్ఠ ప్రార్థన రోజు అందరమూ చెప్పులు విడిచి దానిమీద నడిచాము. మెచ్చుకొన్నవారిలో మేమూ ఉన్నాము గనుక ఈ పొరపాటులో మాకూ పాలున్నది. అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. కింద నీళ్ళు చేరి గడ్డి గాలికి లేచిన దుప్పటిలా ఉబ్బింది. అది పెద్ద నష్టం కాదు. ఇంటి వెనుక పాత పెంకుటింట్లో మన సంఘానికే చెందిన ఒక వృద్ధ సహోదరి ఒంటరిగా ఉంటున్నారు. మెరక మీది నీళ్ళన్నీ ఆమె వంటింట్లోకి దిగాయి. పొయ్యి మునిగింది, బియ్యం తడిసిపోయాయి. అంతకు ముందు పెద్ద తుపానులకు కూడా ఆ గడప లోపలికి నీరు రాలేదట. ఆ తరువాతి ఆదివారం ఆమె ప్రభువు బల్లలో పాలు పొందలేదు. అడిగితే "మనసు బాగాలేదయ్యా" అని మాత్రం అన్నారు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తెరిచి చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలని, లేకుంటే అక్కడనుండి పడినవాని ప్రాణానికి ఆ ఇల్లే జవాబుదారి అవుతుందని అక్కడ ఉన్నది. పిట్టగోడ ఈ రోజుల్లో అందరమూ కడుతున్నాము. నీళ్ళు ఎవరి ఇంటి మీద పడతాయో చూడము.

నీళ్ళంటే ఎన్ని? ఒక సెంటు స్థలం మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 400 లీటర్లు. ఐదు సెంట్ల మీద ఐదు సెంటీమీటర్లు కురిస్తే 10,000 లీటర్లు, అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. వట్టి నేల ఉన్నప్పుడు అందులో కొంత ఇంకేది. ఇప్పుడు సగం స్థలం డాబా అయింది. గడ్డి అడుగున చిల్లులు ఉంటాయి, నీళ్ళు కిందికి దిగుతాయి, నిజమే. కింద ఉన్నది తొక్కి గట్టిపడిన నల్లరేగడి అయితే ఆ దిగిన నీళ్ళు ఎక్కడికి పోవాలి?

కాబట్టి గడ్డి కొనకముందే మేస్త్రిని లెవెల్ ట్యూబు తెమ్మనండి. రోడ్డు పక్క కాలువ అడుగు మీ వాకిలి కంటే ఎంత పల్లంలో ఉన్నదో ముందు తెలియాలి. మెరక ఒక్కసారే గుమ్మరించకుండా అర అడుగు చొప్పున పరిచి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. అయినా ఒక వానాకాలం గడిచేదాకా అది కొంత దిగుతూనే ఉంటుంది. ఇల్లు కట్టిన సంవత్సరమే గడ్డి పరచవద్దని మేము చెప్పేది అందుకే. తరువాత వాలు. ఇంటి గోడ నుండి బయటికి పది అడుగులకు రెండున్నర అంగుళాలు వాలు ఉండాలి. ఆ వాలు పొరుగువారి గోడ దగ్గర ముగిసిపోకూడదు. మన ప్రహరీ లోపలే కాలువ తీసి, ఆ కాలువను రోడ్డు వైపు నడిపించాలి. గడ్డి కింద నాలుగు అంగుళాల కంకర, దానిమీద ఒక అంగుళం క్రషర్ డస్టు వేసి గట్టిగా అణచాలి. రేగడి నేల అయితే కంకర కింద జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే బురద పైకి రాదు. దానికి బదులు టార్పాలిన్ పరిచేవారున్నారు. అది నీటిని నిలబెడుతుంది. అడుగున వాసన పడుతుంది, దోమలు చేరతాయి.

2000లో నీరు-మీరు కార్యక్రమం వచ్చిన నాటినుండి ఇంకుడు గుంట అన్న మాట అందరికీ తెలుసు. ఎర్ర నేలల్లో, ఇసుక నేలల్లో అది చాలా మేలు. డెల్టా రేగడిలో వానాకాలం భూమిలోని నీరే పైకి వస్తుంది, గుంట అడుగునుండే నిండిపోతుంది. అడుగు లోతు గుంట తీసి, రాత్రి నీళ్ళు పోసి, ఉదయం మళ్ళీ నింపి గంట తరువాత చూడండి. నీళ్ళు కదలకపోతే ఇంకుడు గుంట మీద ఖర్చు పెట్టవద్దు. ఇంకొక్క మాట. డాబా నీళ్ళ పైపును సెప్టిక్ ట్యాంకులోకి ఎప్పుడూ పెట్టకండి. వాన నీళ్ళు లోపలి మలినాన్ని పేరుకోనివ్వక బయటికి తోసుకొస్తాయి.

అసలు ఈ గడ్డి అవసరమా అని మమ్మల్ని అడిగితే, సగం వాకిలికి చాలంటాము. మిట్టమధ్యాహ్నం అది పిల్లల అరికాళ్ళు కాలేంత వేడెక్కుతుంది. మిగిలిన సగంలో రెండు అరటి పిలకలు, ఒక కరివేపాకు మొక్క పెడితే నీళ్ళూ తాగుతాయి, కూరకూ పనికివస్తాయి.

ఆ సహోదరుని సంగతి చెప్పాలి. మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాలను పాస్టరు గారు ఆయనకు గుర్తు చేయనక్కరలేకపోయింది. జనవరిలో ఆయనే వెనుక ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చొని, పాడైన బియ్యానికి బదులు బస్తా దింపించి, ఆమెను తీసుకువచ్చి తన ప్రహరీ చూపించి, "నీళ్ళు ఎక్కడ దిగాయో నువ్వే చూపించు పిన్నమ్మా" అని అడిగారు. ఆమె చూపించిన చోటనే కాలువ మొదలుపెట్టారు. గడ్డి ఎత్తివేసి వాలు సరిచేశారు. వెనుక గోడ వెంబడి కాలువ, దాని చివర ఆరు అంగుళాల పైపు, అక్కడనుండి రోడ్డు కాలువ. మృగశిర కార్తెకు ముందే పని ముగిసింది.

జూలైలో మంచి వాన పడిన మరునాడు మేము అటు వెళ్ళాము. పెంకుటింటి వంటిల్లు పొడిగా ఉన్నది. ఆమె గోడ మీదుగా తొంగి చూసి, "గడ్డి మళ్ళీ ఎప్పుడు పరుస్తావురా అబ్బాయ్?" అని అడిగారు.

"ఈ వానాకాలం కూడా పోనీ పిన్నమ్మా. మెరక ఇంకా దిగుతున్నది" అన్నారాయన.