పరసైన్యముల రేడియో: వినువారి హక్కు

పరదేశములలో విడిసియున్న సైన్యములు తమ సిపాయిల కొఱకు నడపు రేడియోలను వందలకొలది క్రోసుల దూరమునుండి రాత్రులు మేల్కొని వినువారు కొందఱు గలరు. వీరిని జూచి నవ్వుట లోకమునకు పరిపాటి యైనది. పనిలేనివారి వేడుక యని యొకరు, అంతర్జాల ముండగా ఈ గరగర లేల యని మఱియొకరు అందురు. ఇట్లు నవ్వువారి చేతిలోనే నేడు పెక్కుదేశముల ప్రసారశాఖల తాళపుచెవు లున్నవి. అందుచేతనే మేమీ విషయమును గూర్చి వ్రాయవలసివచ్చినది. మా మతమున దూరశ్రవణము వట్టి వేడుక కాదు. అది ప్రజల హక్కు. దానిని చప్పుడు లేకుండ హరించుచున్నారు.

1942 మే నెలలో అమెరికా యుద్ధశాఖవారు తమ సైనికులకై ప్రత్యేకముగ రేడియో సేవ నేర్పఱచిరి. మఱుసటి యేడు జూలై 4వ తేదిని లండనులో వారి ఐరోపా ప్రసారములు మొదలయ్యెను. 1945 సెప్టెంబరులో, ఓడిన జపానులో అడుగిడిన సైన్యము టోకియోలోని జపాను ప్రసారసంస్థ భవనమునుండియే తన కంఠము నెత్తెను. ఇందొక చిత్రము గలదు. యుద్ధకాలమున జపాను ప్రభుత్వము తన ప్రజలు లఘుతరంగములను వినరాదని నిషేధించియుండెను. ఆ నిషేధము తొలగినదియు 1945లోనే, పరసైన్యము వచ్చిన పిమ్మటనే! స్వరాజ్యము పోయిన యేట చెవికి స్వాతంత్ర్యము వచ్చుటకన్న సిగ్గుపడదగిన దేమున్నది? ఆ స్వాతంత్ర్యము ముందే యున్నచో, తమకు వినిపింపబడు విజయవార్తలలో బొంకెంతయో ఆ ప్రజలు ముందే కనిపెట్టియుందురు. జర్మనీలో హిట్లరు ప్రభుత్వ మింకను ముందునకు బోయి, 1939 సెప్టెంబరులో పరదేశ రేడియోను వినుటయే నేరమని శాసించినది.

రాత్రివేళనే యేల వినబడునని పాఠకు లడుగవచ్చును. పగలు సూర్యకిరణములచే ఆకాశమున అఱువది మొదలు తొంబది కిలోమీటర్ల యెత్తున నొక విద్యుత్పొర యేర్పడి మధ్యమ తరంగములను మ్రింగివేయును. అప్పుడు వానికి నేలబట్టి ప్రాకుటయే గతి. ప్రొద్దు గ్రుంకగానే ఆ పొర మాయమగును. దానికి పైనున్న పొరలు తరంగములను అద్దమువలె క్రిందికి మరల్చును. కలకత్తాలో శిశిరకుమార మిత్రగారు ఈ పొరలను పరిశోధించి 1947లో ప్రకటించిన గ్రంథము శాస్త్రజ్ఞులకు ప్రమాణమైనది. టోకియో చెంత వాకోనుండి 810 కిలోహెర్ట్జులపై 50 కిలోవాట్ల బలముతో పలుకు సైనికకేంద్రమును సముద్రముల కావలివారు వినగలుగుట ఈ పొరల పుణ్యమే. సేనాధిపతి ఆజ్ఞ సిపాయిపై నడచును గాని ఆకాశముపై నడవదు.

ఫ్రాంక్‌ఫర్టునుండి 873 కిలోహెర్ట్జులపై 150 కిలోవాట్లతో వెలువడిన కేంద్రము అమెరికా సిపాయిలకొఱకే. కాని రాత్రియైనచో ఇనుపతెర కావలి యువకులును దానిని వినిరి. ఇట్టివారికి సైన్యమువారే "నీడశ్రోతలు" అని పేరిడిరి. వారిని పిలిచినవారు లేరు, పొమ్మనుటకును వీలులేకపోయెను. మేము చెప్పదలచిన దంతయు ఇందే యున్నది. వాయిస్ ఆఫ్ అమెరికావంటి కేంద్రములు పరదేశీయుల నుద్దేశించి, వారు మెచ్చునట్లు మాటలాడుటకై పుట్టినవి. సైనికరేడియో అట్టిది కాదు. అది తనవారితో తాను చెప్పుకొను మాట. వీథియరుగుపై చెప్పు మాటకును పెరటిలో చెప్పుకొను మాటకును గల భేదము మన పల్లెలలో నెవ్వ రెఱుగరు? తన గడ్డపై పరసైన్యము నిలిచియున్న జాతికి ఆ పెరటిమాట చెవిని బడుట చిన్నలాభము కాదు.

సైన్యపు రేడియోలో సత్య మెక్కడిదని యాక్షేపింతురు. నిజమే. 1970 జనవరిలో సైగాను సైనిక టెలివిజనులో వార్తలు చదువుచున్న సైనికుడే, తమ వార్తలను పైవారు అణచుచున్నారని ప్రసారములోనే బయటపెట్టెను. అయిన నేమి? నాలుగు కేంద్రములు వినువానికి, ఒక కేంద్రము దేనిని చెప్పక విడిచినదో తెలియును. ఒక్కటే వినువాడు మాత్రమే మోసపోవును.

దూరశ్రోతలవలన ప్రభుత్వములకు బుద్ధి వచ్చునా యని సందేహించువారు సింహళమువంక చూతురుగాక. రెండవ యుద్ధములో ఆగ్నేయాసియా సేనాధిపత్యమువారు తమ సిపాయిల కొఱకు కొలంబోలో రేడియో స్థాపించిరి. సైన్యము వెడలిపోగా ఆ ప్రసారిణి రేడియో సిలోనుకు దక్కినది. 1952లో కేస్కరుగారు ప్రసారమంత్రియై సినిమాపాటలను ఆకాశవాణినుండి వెడలగొట్టగా, దేశమంతయు, మన తెలుగువారితో కూడ, ముల్లు త్రిప్పి సిలోను వినసాగెను. ఢిల్లీవారు దిగివచ్చి 1957 అక్టోబరు 3వ తేదిని వివిధభారతిని తెఱువవలసివచ్చెను. సిపాయికై వెలసిన యంత్రము చేసిన యీ యుపకారమును మన మంత్రులు మఱచిరేమో గాని, ఆ దినములలో ముల్లు త్రిప్పిన పెద్ద లింకను మన పఠనమందిరములలో నున్నారు.

ఇక అంతర్జాలవాదము. అది తేటగా వినిపించును, కాదనము. కాని దానిని వినువాడెవడో, ఎచ్చట నున్నాడో, ఎంతసేపు వినెనో ఎదుటివానికి తెలియును; ఏ దేశమువానికైనను వాకిలి మూయవచ్చును. ఉపగ్రహముద్వారా పంపు తమ టెలివిజనుకు సైన్యమువా రిప్పటికే సంకేతపు తాళము వేసికొనిరి. పాతపెట్టె వినువాని యడుగుజాడ ఎందును పడదు. రహస్యముగ వినగల ప్రజలన్న నే ప్రభుత్వమునకు ప్రియము? ఫ్రాంక్‌ఫర్టు 873 కేంద్రము 2013లో మూతపడినది. 2015 చివర జర్మను ప్రజాప్రసారకులు తమ మధ్యమ తరంగములను చాలించిరి. మన ఆకాశవాణియు కొన్ని మధ్యమ తరంగ ప్రసారిణులను మూసినది. ఖర్చు తగ్గినదని లెక్కలు చూపుదురు. తెగిపోయిన శ్రోతల లెక్క మాత్ర మెవ్వరును అడుగరు.

దూరశ్రవణప్రియులతోను మా కొక మాట గలదు. కేంద్రములు పంపు ధ్రువపత్రములను గోడకు తగిలించి, ఎన్ని దేశములు పట్టితిమని లెక్కించుకొనుట చాలదు. విన్న దానిని వ్రాసియుంచుడు. ఏ దినమున ఏ సైన్యము తన సిపాయికి ఏమి చెప్పెనో తేదీలతో పదిలపఱచుడు. పఠనమందిరములలో చదివి వినిపింపుడు. ప్రసారశాఖవా రిక నొక్క స్తంభమును దింపుటకు ముందు, దానివలన ఏ తాలూకాలకు, రాత్రులు ఏ దూరదేశములకు వినికిడి పోవునో పత్రికలలో ప్రకటించి, ప్రజల యభిప్రాయము తెలిసికొనవలెనని మేము కోరుచున్నాము.