మా తెర, మా ఇష్టం

మన హాస్టల్‌కు మొదటిసారి వచ్చినవాళ్లకు ఇక్కడ అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకే రంగు దుప్పట్లు, ఒకే రకం పళ్లాలు, ఒకే కొలత ట్రంకు పెట్టెలు. కానీ ఆ పెట్టెల మూతలు ఎత్తి చూస్తే ఏ రెండూ ఒక్కలాగ ఉండవు. ఒకదాని లోపల అంబేద్కర్ బొమ్మ ఉంటుంది. ఇంకొకదానిలో అమ్మానాన్నల ఫొటో. మరొకదానిలో క్రికెట్ ఆటగాడి స్టిక్కరు, పక్కనే అతికించిన అద్దం ముక్క. పెట్టె సర్కారు ఇచ్చిందే అయినా మూత లోపలి భాగం మాత్రం మనది. ఆ కాస్త జాగాను మనకు నచ్చినట్టు చేసుకున్నాకే హాస్టల్లో మనకు నిద్ర పడుతుంది. ఇది ఇక్కడ చదివిన ప్రతి ఒక్కరికీ అనుభవమే.

ఈ వార్షికోత్సవ సంచికలో మేము చెప్పదలచుకున్నది కంప్యూటర్ గురించి. ట్రంకు పెట్టెతో ఎందుకు మొదలుపెట్టామో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మన కంప్యూటర్ గదిలోని ఆరు కంప్యూటర్లు పటాన్‌చెరు వైపు ఒక కంపెనీ ఆఫీసులో వాడి పక్కన పెట్టినవి. వాటిలో ఉన్న విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14 తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇంత పాత యంత్రాలు దానికి పనికిరావు. ఇక గదికి తాళం పడుతుందనే అనుకున్నాం. అప్పుడు మన హాస్టల్లోనే చదువుకుని ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అన్న ఆదివారం పూట వచ్చి ఆరింటిలోనూ లినక్స్ వేసిపోయాడు. పాత యంత్రాలకు బరువు కాకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ పెట్టాడు. లైసెన్సుకు పైసా ఖర్చు కాలేదు.

అన్న వెళ్లిన మర్నాటి నుంచే మేము తెరను మార్చడం మొదలుపెట్టాం. ఒకరు కింద ఉన్న పట్టీని ఎడమ పక్కకు తెచ్చారు. ఒకరు ఐకాన్లు మార్చారు. ఒకరు మంజీర ఒడ్డున తీసిన ఫొటోను వెనక పెట్టారు. వారం తిరిగేసరికి ఆరు తెరలు ఆరు రకాలయ్యాయి. అదే సమయంలో హాస్టల్ చూడడానికి వచ్చిన ఒక పెద్దమనిషి గదిలోకి తొంగిచూసి "ఇది కంప్యూటర్ గదా, రంగుల దుకాణమా?" అన్నారు. అప్పటి నుంచి అన్ని కంప్యూటర్లకూ ఒకే బొమ్మ పెట్టి, ఎవరూ ఏమీ మార్చకుండా సెట్టింగులు బిగించాలనే మాట నడుస్తోంది. ఆ నిర్ణయం ఇంకా జరగలేదు. జరగకముందే మా అభిప్రాయం చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మొదట ఒక సంగతి. తెరను మార్చుకునే వీలు లినక్స్‌లో ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. దాని నిర్మాణమే అట్లాంటిది. 1991 లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది కెర్నల్ మాత్రమే, అంటే లోపలి ఇంజను. మన కంటికి కనిపించే తెర దాని మీద ఉండే వేరే పొర. ఆ పొరను వేర్వేరు దేశాలవాళ్లు వేర్వేరుగా తయారు చేశారు. జర్మనీలో మాథియాస్ ఎట్రిచ్ 1996 లో కేడీఈ మొదలుపెట్టాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా అదే ఏడాది ఒలివియే ఫోర్డాన్ చేతిలో పుట్టింది. 1997 లో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా కలిసి గ్నోమ్ ప్రారంభించారు. ఇంజను ఒక్కటే, పైన బండి బాడీ ఎవరికి నచ్చినది వాళ్లు కట్టించుకోవచ్చు. మన పటాన్‌చెరు రోడ్డు మీద పోయే లారీలను చూడండి. ఒకే కంపెనీ చాసిస్ మీద ఎన్ని రకాల బాడీలు, ఎన్ని రంగులు! డ్రైవర్ రంగులు వేయించుకున్నాడని లారీ సరుకు మోయడం మానదు కదా.

ఇప్పుడు దీనికి వ్యతిరేకమైన సంగతి కూడా చెబుతాం. మన దేశం లాంటి దేశాల కోసం చవక రకంగా వచ్చిన విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్‌లో ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి నడిచేవి కావు. 2009 లో చిన్న కంప్యూటర్ల కోసం వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో డెస్క్‌టాప్ మీది బొమ్మ మార్చుకునే ఏర్పాటే లేకుండా చేశారు. బొమ్మ మార్చితే యంత్రానికి భారమవుతుందా? కాదు. ఎక్కువ డబ్బు కట్టినవాడికి దొరికేది తక్కువ కట్టినవాడికి దొరకకూడదు, అంతే. తన తెర మీద తనకు నచ్చిన బొమ్మ పెట్టుకోవడం కూడా అమ్ముడుపోయే సరుకని ఆ కంపెనీకి తెలుసు. ఇంత విలువైన దాన్ని మనకు ఉచితంగా వచ్చిన చోట మనమే తాళం వేసి బిగించుకోవడం ఏం న్యాయం?

రంగులు, బొమ్మలు మాత్రమే అయితే మేము ఇంత దూరం రాసేవాళ్లం కాదు. మా తొమ్మిదో తరగతి తమ్ముడొకడికి చూపు తక్కువ. అద్దాలు పెట్టుకున్నా తెర మీది అక్షరాలు కనబడక ముక్కు ఆనించి చూసేవాడు. తోటివాళ్లు నవ్వుతారని కంప్యూటర్ పీరియడ్‌లో వెనక్కి జరిగి నిలబడేవాడు. లినక్స్ వచ్చాక సెట్టింగుల్లో అప్పియరెన్స్ తెరిచి ఫాంట్ల దగ్గర అక్షరం సైజు పెంచాం. నలుపు తెలుపు తేటగా కనబడే హై కాంట్రాస్ట్ థీమ్ పెట్టాం. మౌస్ బాణం గుర్తును పెద్దది చేశాం. ఆల్ట్ కీ నొక్కిపట్టి మౌస్ చక్రం తిప్పితే తెర మొత్తం దగ్గరికి వచ్చినట్టు పెద్దదవుతుందని వాడే కనిపెట్టి మాకు చూపించాడు. ఇప్పుడు వాడు వెనక నిలబడడం లేదు. సెట్టింగులు బిగిస్తే మొదట నష్టపోయేది వాడే. అందరికీ ఒకేలా ఉండడమే సమానత్వం అనుకునే పెద్దలు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

ఇక తెలుగు. మొదట మెనూలను తెలుగులోకి మార్చినప్పుడు మాకు నిరాశే కలిగింది. అక్షరాలు కుంచించుకుపోయి ఒత్తులు కింద కలిసిపోయాయి. తప్పు మన భాషది కాదని తరువాత అర్థమైంది. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే సైజు తెలుగుకు సరిపోదు. మనకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఫాంటు మార్చి, సైజు రెండు పాయింట్లు పెంచగానే చదవడానికి హాయిగా మారింది. తెలుగువాళ్లు ఇందుకోసం చేసిన కృషి చిన్నది కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మండలి, సురవరం, మల్లన్న, పొన్నాల వంటి ఫాంట్లు కూడా ఈరోజు ఎవరైనా దించుకోవచ్చు. హైదరాబాదులో 2005 లో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. మెనూల్లోని మాటలను తెలుగు చేసింది ఎక్కువగా జీతం లేకుండా పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్తలే.

ఆ తెలుగు అందరికీ నచ్చిందని మేము అనం. ఫైలును దస్త్రం అంటే మాలో సగం మందికి తెలియలేదు. కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో ఉండి గందరగోళపడ్డవాళ్లు కూడా ఉన్నారు. కొందరు తిరిగి ఇంగ్లీషుకే పోయారు. పోనీయండి. ఎవరికి ఏది కావాలో వాళ్లే ఎంచుకున్నారు. దస్త్రం అనే మాట బాగా లేదంటే మార్చమని అడగవచ్చు, అనువాదం చేసేవాళ్లలో మనమూ చేరవచ్చు. మాటను మార్చే అవకాశం వాడేవాడికి ఉండడమే ఇందులో గొప్ప.

ఈ మాట మాకు ఎందుకు ఇంత ముఖ్యమో చెప్పాలంటే మా ఇళ్ల దగ్గరికి పోవాలి. మాలో చాలామంది తల్లిదండ్రులు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు కంపెనీల్లో షిఫ్టులు చేస్తారు. మాలో ఒకరి నాన్న పనిచేసే యంత్రానికి చిన్న తెర ఉంది. దాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఆయన ఏళ్ల తరబడి దాన్ని రంగు గుర్తుతోనే నడుపుతున్నారు. ఆకుపచ్చ వస్తే నడుస్తున్నట్టు, ఎరుపు వస్తే ఆపాలి, పసుపు వస్తే సూపర్‌వైజర్‌ను పిలవాలి. పసుపు రంగు పక్కన ఏం రాసి ఉంటుంది నాన్నా అని అడిగితే "మనకెందుకు బిడ్డా, మనల్ని అడిగి చేసిండ్రా దాన్ని?" అన్నారట. యంత్రం ముందు నిలబడేవాడిని అడగకుండానే యంత్రం ముఖం తయారవుతుంది. ఆయనకు ఆ తెరను ముట్టుకునే హక్కు లేదు. కనీసం ఆయన కొడుకు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు "ఇది ఇట్లా ఎందుకుంది? ఇంకోలా ఉండవచ్చు కదా" అని అడగడం నేర్చుకోవాలి. తెర రంగు మార్చడం ఆ ప్రశ్నకు ఓనమాలు దిద్దడం లాంటిది.

ఎదురు వాదనలు మాకు తెలియనివి కావు. మొదటిది, సమయం వృథా అని. ఇందులో నిజం ఉంది, ఒప్పుకుంటాం. రెండు ఆదివారాలు వాల్‌పేపర్లతోనే గడిచిపోయాయి. కానీ మూడో ఆదివారానికి ఆ మోజు తగ్గింది. ఆ రెండు వారాల్లో ఫోల్డరు అంటే ఏమిటో, ఫైలు ఎక్కడ దాగుతుందో, పాస్‌వర్డు ఎందుకు అడుగుతుందో పుస్తకం చూడకుండానే నేర్చుకున్నాం.

రెండోది, పాడుచేస్తారని. ఒక తమ్ముడు నిజంగానే పట్టీ మొత్తం తీసేసి, మెనూ కనబడక ఏడ్చినంత పని చేశాడు. కానీ లినక్స్‌లో ఒక్కొక్కరికీ వేరే అకౌంటు, వేరే హోమ్ ఫోల్డరు ఇవ్వవచ్చు. ఎవరి అలంకారాల లెక్కలు వాళ్ల ఫోల్డర్లోనే, పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లలో దాగి ఉంటాయి. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే అవి బయటపడతాయి. తమ్ముడిని లాగౌట్ చేయించి, అడ్మిన్ అకౌంటు నుంచి వాడి కాన్ఫిగ్ ఫోల్డర్లో ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అనే ఒక్క ఫోల్డరును పక్కకు జరిపాం. మళ్లీ లాగిన్ అయ్యేసరికి మొదటి రోజు తెర తిరిగి వచ్చింది. వాడి పాఠాల ఫైళ్లు ఒక్కటీ పోలేదు. పక్కవాడి తెర కదలలేదు. అంటే ఒకే కంప్యూటర్‌లో ఇరవై మందికి ఇరవై ట్రంకు పెట్టెలు ఉన్నట్టే. ఎవరి మూత వాళ్లది.

మూడోది, రేపు ఉద్యోగాల్లో విండోసే కదా అని. కావచ్చు. కానీ కేరళ సంగతి చూడండి. 2001 లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలై 2017 లో కైట్‌గా మారిన పథకం కింద అక్కడి సర్కారు బడుల్లో పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. వాళ్లెవరూ వెనకబడిపోలేదు. నాలుగు రకాల తెరలు చూసినవాడికి ఐదో తెర భయం కాదు. ఒక్క తెర ఒక్క రకంగా బట్టీ పట్టినవాడికే బటన్ జరిగితే భయం. 2015 లో ఐఐటీ హైదరాబాద్ మన సంగారెడ్డి పక్కనే కందికి తరలివచ్చింది. బస్సులో పోతూ ఆ గేటును మనమంతా చూస్తుంటాం. ఆ గేటు లోపలికి పోవాలంటే యంత్రాన్ని చూసి జంకని పిల్లలు కావాలి.

అందుకని వార్డెన్ సారుకు, కమిటీ పెద్దలకు మా మనవి ఇది. సెట్టింగులు బిగించకండి. ప్రతి విద్యార్థికీ సొంత అకౌంటు ఇప్పించండి. నియమాలు మేమే పెట్టుకుంటాం. చదువు పీరియడ్‌లో ఎవరూ తెర అలంకారం జోలికి పోకూడదు, దానికి ఆదివారం ఒక గంట చాలు. ఇంకొకరి అకౌంటు ముట్టకూడదు. ఎవరినైనా కించపరిచే బొమ్మ పెట్టకూడదు. అడ్మిన్ పాస్‌వర్డు సారు దగ్గరా, సారు నమ్మిన ఇద్దరు విద్యార్థుల దగ్గరా ఉండాలి. చెడిన తెరను బాగుచేయడం పదో తరగతివాళ్లు కింది తరగతులకు నేర్పాలి. ఈ ఏడాది మేము నేర్పుతాం.

మిత్రులారా, పదో తరగతి అయిపోగానే మేము ట్రంకు పెట్టె అప్పజెప్పి పోతాం. మూత లోపలి బొమ్మలు గీకి తీసేస్తాం. ఆ పెట్టె వచ్చే ఏడాది ఇంకో తమ్ముడికి పోతుంది. వాడు తన బొమ్మ అతికించుకుంటాడు. కంప్యూటర్‌లోనూ అంతే. మా అకౌంట్లు తీసేయండి, మా రంగులు పోనీయండి. వచ్చే తమ్ముడికి తన రంగు వేసుకునే వీలు మాత్రం ఉంచండి.

— కంప్యూటర్ గది విద్యార్థులు, పదో తరగతి