టీ కప్పులో తుపాను

"అబ్బే, అదంతా టీ కప్పులో తుపాను!" పార్టీలో అలకలు బయటపడ్డ మర్నాడు నాయకుల నోట తరచూ వినిపించే మాట. మన పత్రికల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఇంగ్లిషు నుంచి వచ్చిందని గుర్తే రాదు. అసలు రూపం 'స్టార్మ్ ఇన్ ఎ టీకప్'. విషయం చిన్నది, హడావుడి పెద్దది, కాసేపటికి అంతా సర్దుకుంది అని అర్థం.

మన 'గోరంతను కొండంత చేయడం' ఇదే కదా అనిపిస్తుంది. పూర్తిగా కాదు. గోరంతను కొండంత చేశారంటే చేసినవాళ్ల మీద నింద ఉంటుంది. ఇక్కడ మాత్రం గొడవ నలుగురి మధ్యే పుట్టి అక్కడే చల్లారిందన్నది ముఖ్యం. పండగ చీర రంగు దగ్గర మాటలు మానేసిన అత్తాకోడళ్లు మూడో రోజు కలిసి వెళ్లి ఆ చీరకే ఫాల్ కుట్టించుకొచ్చారనుకోండి. అప్పుడు 'ఇట్ వజ్ ఓన్లీ ఎ స్టార్మ్ ఇన్ ఎ టీకప్' అనొచ్చు. ఆ 'వజ్' చూశారుగా! గొడవ ముగిశాక అంటేనే ఈ మాటకు అందం.

బాపట్ల వైపు మాత్రం తుపానును కప్పులో ఊహించుకోవడం కాస్త కష్టమే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తెచ్చిన తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఇప్పుడది బాపట్ల జిల్లాయే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ దాటిందీ బాపట్ల దగ్గరే. కొద్ది రోజుల ముందు అదొక అల్పపీడనం. వాయుగుండమైంది, తుపానైంది, తీవ్ర తుపానై గంటకు 90-100 కిలోమీటర్ల గాలితో వచ్చి చేతికొచ్చిన వరిని నీళ్లపాలు చేసింది. మన జాతీయం కూడా ఈ దారిలోనే నడుస్తుంది... 'చిలికి చిలికి గాలివాన'! ఇంగ్లిషువాళ్ల తుపాను కప్పులో ఇంకిపోతుంది. మన చినుకు గాలివానగా మారుతుంది.

ఈ మాటకు పూర్వీకుడు కప్పు కాదు, గరిటె. రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ వక్త సిసిరో తన తాతగారి కథ ఒకటి రాశాడు. అర్పినమ్ అనే ఊళ్లో ఓటును నోటితో చెప్పకుండా పలక మీద రాసి వేసే చట్టం తేవాలన్నాడు గ్రాటిడియస్. ఆయన్ని ఎదిరించింది ఎవరో కాదు, సొంత బావగారు... అంటే సిసిరో తాతగారే! గ్రాటిడియస్ గరిటెలో అలలు లేపాడని మనవడి ఎత్తిపొడుపు. తర్వాత ఆయన కొడుకు ఏకంగా ఏజియన్ సముద్రంలోనే అలలు లేపాడని ఆ వెంటనే తనే రాశాడు. రహస్య ఓటు కోరినవాడికి అది గరిటెడు గొడవని ఎలా అనిపిస్తుంది?

అందుకే తడిసిన ధాన్యానికి ధర అడుగుతున్న రైతు ముందో, జీతం రాలేదంటున్న ఉద్యోగి ముందో ఈ మాట వాడకండి. మన గొడవ గురించి మనమే నవ్వుతూ చెప్పుకొంటే ఏ ఇబ్బందీ లేదు.

అన్నట్టు, అమెరికాలో ఉన్న మీ అబ్బాయి ఫోన్లో 'టెంపెస్ట్ ఇన్ ఎ టీపాట్' అంటే కంగారుపడకండి. ఇదే మాట. వాళ్ల తుపాను ఇంకా కప్పులోకి ఒంపలేదు, టీ కాచిన పాత్రలోనే ఉంది!