యౌవనకృతికి దక్కవలసిన గౌరవము

ప్రౌఢదశయందు ప్రశాంతగంభీరమైన శైలిని సాధించిన కళాకారుని యౌవనకృతులను పరిశీలించునప్పుడు, రాబోవు మహత్త్వమునకు సూచనలను మాత్రమే వానియందు వెదకి, అవి స్వయముగా చెప్పుచున్నదానిని చెవినిడక విడుచుట విమర్శలోకమున పాదుకొన్న యలవాటు. నార్వే దేశపు శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గార్బరెక్ 1970లో రికార్డు చేసిన ‘ఆఫ్రిక్ పెప్పర్‌బర్డ్’ ఇట్టి యనాదరమునకు లోనైన కృతి. హిలియర్డ్ గాయకబృందముతో కూడి 1994లో ఆయన వెలువరించిన ‘అఫీషియం’ జాజ్ శ్రోతల పరిధిని దాటి దేశదేశముల వ్యాపించినది. ప్రాచీన క్రైస్తవగీతముల నడుమ విహరించు ఆ నిర్మలనాదమును ముందుగా విన్నవారికి, ఈ పూర్వకృతిలోని గర్జనలును ఆక్రోశములును అపరిణతిగా తోచుట సహజమే. అయినను ఆ తీర్పు న్యాయ్యము కానేరదు.

1947లో నార్వేయందలి మీసెన్‌లో, పోలెండు దేశీయుడైన మాజీ యుద్ధఖైదీకిని నార్వే వనితకును జన్మించిన గార్బరెక్, 14వ యేట రేడియోలో జాన్ కోల్‌ట్రేన్ వాదనమును విని శాక్సఫోన్ చేపట్టెను. అమెరికన్ స్వరకర్తయు సంగీతసిద్ధాంతవేత్తయు నైన జార్జ్ రస్సెల్ స్కాండినేవియాలో నివసించిన కాలమున ఆయన సాహచర్యము ఈ యువకునకు గురుకులవాసమైనది. గిటారుపై టెర్యె రిప్‌డాల్, బాస్‌పై అరిల్డ్ ఆండర్సన్, డ్రమ్స్‌పై యోన్ క్రిస్టెన్సెన్ తోడు రాగా, 23 ఏండ్ల గార్బరెక్ 1970 సెప్టెంబరులో ఆస్లోలోని బెండిక్సెన్ స్టూడియోలో ఈ ఆల్బమును రికార్డు చేసెను. మ్యూనిచ్‌లో అంతకు ముందటి యేడే ఈసీఎం రికార్డు సంస్థను స్థాపించిన మన్‌ఫ్రెడ్ ఐకర్ దీనికి నిర్మాత. దశాబ్దముల పాటు ఆ సంస్థ నాదస్వరూపమును తీర్చిదిద్దిన యాన్ ఎరిక్ కాంగ్స్‌హౌగ్ ధ్వనిముద్రకుడు.

శాక్సఫోన్ విద్వాంసులైన కోల్‌ట్రేన్, ఆల్బర్ట్ ఐలర్‌ల ఛాయ ఇందు స్పష్టముగా కలదు. అయినను వారి యావేశమును స్వీకరించిన ఈ యువకుడు దాని చుట్టును అపారమైన యవకాశమును విడిచెను. పండ్రెండు నిమిషములకు మించిన ‘బీస్ట్ ఆఫ్ కొమోడో’యందు నాలుగు వాద్యములును ఉద్ధృతముగా మ్రోగినను ఒకదాని ధ్వని మరొకదానిని మ్రింగివేయదు, క్రిస్టెన్సెన్ తాళగణనకు కట్టుబడక, సహవాదకుని యూపిరిని అనుసరించి లయను నడపును. ఒకటి రెండు నిమిషములలో ముగియు చిన్ని రచనలు ఇట్టి దీర్ఘరచనల నడుమ విరామములై నిలిచినవి. సహవాదకుని వినుచు వాయించు ఈ శీలమే పిదప 1986లో జాకిర్ హుస్సేన్, హరిప్రసాద్ చౌరాసియా, గిటారు వాదకుడు జాన్ మెక్‌లాగ్లిన్‌లతో ‘మేకింగ్ మ్యూజిక్’ రికార్డు చేసిన వేళ ఆయనకు సహాయమైనది.

కావున గార్బరెక్ ఉత్తరకాలపు శాంతి, అగ్నిని ఎరుగనివాని శాంతి కాదు. అగ్నిని స్వాధీనము చేసికొన్నవాని శాంతి. ఆ యగ్నిని వినగోరువారికి ఈ యాల్బమే శరణ్యము. సాహిత్యమైనను సంగీతమైనను, యౌవనకృతిని తరువాతి కృతికి సోపానముగా మాత్రమే గణించువాడు కళాకారుని ధైర్యమును గుర్తింపజాలడు. పరిణతి నైపుణ్యము నొసగును గాని, ఆ ధైర్యమును తిరిగి తెచ్చి యీయజాలదు. విమర్శకులు తొలి కృతులను వాని కాలమున, వాని కోరికలతో, వాని ప్రమాణములతో తూచవలెనని మా విన్నపము.